ఒక్కసారి నొక్కితే నాలుగు: ఎలక్ట్రానిక్స్, సాఫ్ట్‌వేర్ కలిపి చదివేవారి మొదటి పాఠం

ఇంజినీరింగ్ ప్రయోగశాలల్లో ఏటా ఒక చిన్న సన్నివేశం జరుగుతూనే ఉంటుంది. రెండో సంవత్సరం విద్యార్థిని ఒకామె బ్రెడ్‌బోర్డు మీద ఒక పుష్ బటన్ గుచ్చి, దాన్ని మైక్రోకంట్రోలర్ బోర్డుకు కలుపుతుంది. బటన్ నొక్కినప్పుడల్లా తెర మీద అంకె ఒకటి పెరగాలి. ప్రోగ్రామ్ పది వరసలు కూడా ఉండదు. ఒకసారి నొక్కుతుంది. 1 రావాల్సిన చోట 4 వస్తుంది. మళ్ళీ నొక్కితే 5. ఆ తర్వాత 11. ప్రోగ్రామ్ ఎన్నిసార్లు చదివినా అందులో తప్పు కనిపించదు. తీగలు ఎన్నిసార్లు తడిమి చూసినా ఊడినవేమీ ఉండవు. నిజానికి ప్రోగ్రామూ సరిగ్గానే ఉంది, సర్క్యూటూ సరిగ్గానే ఉంది. తేడా ఆ రెండూ కలిసే చోట ఉంది.

ఆ కలిసే చోటును ప్రత్యేకంగా చదివించే డిగ్రీలు ప్రపంచంలో చాలాకాలంగా ఉన్నాయి. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో 'ఎలక్ట్రానిక్ అండ్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్' అన్న పేరుతోనే డిగ్రీ ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ తన ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ విభాగం పేరుకు 1975లో కంప్యూటర్ సైన్స్‌ను కూడా చేర్చింది, రెంటినీ విడగొట్టలేదు. మన దేశంలో 'ఎలక్ట్రానిక్స్ అండ్ కంప్యూటర్ ఇంజినీరింగ్' అనే బ్రాంచి కొన్ని కళాశాలల్లో ఉంది. తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ రోజులు రాగానే ప్రతి ఇంట్లో వినిపించే ప్రశ్న మాత్రం ఒకటే: సీఎస్‌ఈయా, ఈసీఈయా? ఆ రెండూ వేర్వేరు దారులన్న నమ్మకం మీద నిలబడిన ప్రశ్న అది. ఎంత వేరో తెలియాలంటే ముందు ఆ బటన్ దగ్గరికే వెళ్ళాలి.

లోహపు రేకు ఎగిరిపడితే

బటన్ లోపల రెండు లోహపు భాగాలుంటాయి. నొక్కగానే ఒకటి వెళ్ళి రెండోదాన్ని తాకుతుంది. కంటికి అది ఒక్క తాకిడే. కానీ గచ్చు మీద పడిన గోళీ వెంటనే ఆగిపోకుండా టక్ టక్ టక్‌మని ఎగిరినట్టే, ఆ లోహపు రేకు కూడా స్థిరపడేలోపు కొన్నిసార్లు ఎగిరిపడుతుంది. అదంతా కొద్ది మిల్లీసెకన్లలో ముగుస్తుంది. దీన్ని ఎలక్ట్రానిక్స్‌లో బౌన్స్ అంటారు.

గోడ మీది లైటు స్విచ్‌లోనూ ఇదే జరుగుతుంది. బల్బుకు పట్టింపు లేదు, మన కంటికీ లేదు. మైక్రోకంట్రోలర్ సంగతి వేరు. విద్యార్థులు ఎక్కువగా వాడే చవక బోర్డుల్లోని చిప్పు 16 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. అంటే దానికి ఒక అడుగు 62.5 నానోసెకన్లు. రేకు 5 మిల్లీసెకన్ల పాటు ఎగిరిందంటే, ఆలోపు ఆ చిప్పు 80,000 అడుగులు వేస్తుంది. మనకు రెప్పపాటు కన్నా చిన్నదైన ఆ వ్యవధి దానికి బోలెడంత తీరిక. ప్రతి ఎగురునూ విడిగా చూస్తుంది, విడిగా లెక్కిస్తుంది. ఒక్క నొక్కుకు 4 రావడం అబద్ధం కాదు. లోహం నిజంగానే నాలుగుసార్లు తాకింది.

దీనికి పరిష్కారం రెండు రకాలుగా దొరుకుతుంది. ఎలక్ట్రానిక్స్ చదివినవారైతే బటన్ దగ్గర ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ పెడతారు. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను 1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తో కలిపితే ఆ జంట కాలస్థిరాంకం 10 మిల్లీసెకన్లు. చిన్న కుండలోకి సన్నటి ధార పడుతున్నట్టు కెపాసిటర్ మెల్లగా నిండుతుంది, మెల్లగా ఖాళీ అవుతుంది. మధ్యలో వచ్చే తత్తరపాట్లు దాని మీద పెద్దగా కనిపించవు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. వోల్టేజి అలా మెల్లగా మారుతూ '0'కూ '1'కీ నడుమ ఉన్న గీత దగ్గర తారట్లాడితే, చిన్నపాటి రొదకు కూడా చిప్పు మళ్ళీ తడబడుతుంది. అందుకే ఆ గీత పైకి దాటడానికి ఒక మట్టం, కిందికి దిగడానికి మరో మట్టం పెట్టే ష్మిట్ ట్రిగ్గర్ అనే సర్క్యూట్‌ను దానికి జత చేస్తారు.

సాఫ్ట్‌వేర్ చదివినవారు కొత్తగా ఏ భాగమూ కొననక్కర్లేదంటారు. మొదటి మార్పు కనిపించాక 20 మిల్లీసెకన్ల వరకు వచ్చే మార్పుల్ని పట్టించుకోకపోతే సరి. లేదా మిల్లీసెకనుకు ఒకసారి బటన్‌ను చూసి, వరసగా పదిసార్లు ఒకే సమాధానం వచ్చినప్పుడే నమ్మాలి.

ఏది మేలు? ఇక్కడే ఇంజినీరింగ్ మొదలవుతుంది. పది లక్షల రిమోట్లు తయారు చేసే సంస్థకు ఒక్కో దాంట్లో కొన్ని పైసల భాగాలు తగ్గినా లాభమే, కాబట్టి అక్కడ సాఫ్ట్‌వేర్ గెలుస్తుంది. కానీ ఆ 20 మిల్లీసెకన్లూ చిప్పును ఊరికే నిలబెట్టేలా ప్రోగ్రామ్ రాస్తే 3,20,000 అడుగులు వృథా. అదే చిప్పు అదే సమయంలో ఒక మోటారు వేగాన్ని అదుపు చేయాల్సి ఉంటే ఆ నిలుపుదల ప్రమాదం. బటన్‌కూ చిప్పుకూ మధ్య పది మీటర్ల తీగ ఉండి, పక్కనే పెద్ద మోటారు నడిచే కర్మాగారమైతే, తీగలోకి దూరే విద్యుత్ రొదను ప్రోగ్రామ్ ఒక్కటే ఆపలేదు. చిన్న బ్యాటరీతో ఏళ్ళ తరబడి నిద్రలో ఉండి, బటన్ నొక్కితేనే లేచే పరికరమైతే లెక్క మళ్ళీ మారుతుంది. ఒక్క పద్ధతే తెలిసినవారికి ప్రతిచోటా అదే సమాధానంలా కనిపిస్తుంది. రెండూ తెలిసినవారు మాత్రం ఏది ఎక్కడ వాడాలో ఎంచుకోగలరు.

255 తర్వాత 511

ఈ విద్యార్థిని పట్టు వదలకుండా ఇంకో అడుగు వేస్తుంది. చిప్పు పదే పదే బటన్ వైపు చూడటం దండగ, బటన్ నొక్కినప్పుడు బటనే చిప్పును పిలిస్తే బాగుంటుంది కదా అనుకుంటుంది. ఇంటరప్ట్ అంటే అదే. వంటింట్లో పనిలో ఉన్న మనిషి కాలింగ్ బెల్ వినగానే చేతిలో పని ఆపి, తలుపు తీసి వచ్చి, ఆపిన చోటనుంచే మళ్ళీ మొదలుపెట్టినట్టు, చిప్పు నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ఆపి, లెక్క ఒకటి పెంచి, వెనక్కి వస్తుంది.

బౌన్స్‌ను సరిచేశాక లెక్క చక్కగా సాగుతుంది. ఎప్పుడో ఒకసారి, వేలసార్లలో ఒక్కసారి, 256 రావాల్సిన చోట 511 అని కనబడి, మరుక్షణం మామూలైపోతుంది.

కారణం చిప్పు అమరికలో ఉంది. ఆ చవక చిప్పు ఒకసారికి 8 బిట్లు, అంటే 0 నుంచి 255 వరకు ఉన్న ఒక సంఖ్యను మాత్రమే చదవగలదు. అంతకన్నా పెద్ద లెక్కను రెండు బైట్లలో దాచి, రెండు విడతలుగా చదువుతుంది. 255 అంటే పై బైటులో 0, కింది బైటులో 255. 256 అంటే పై బైటులో 1, కింది బైటులో 0. ప్రోగ్రామ్ ముందు కింది బైటు చదివింది: 255. సరిగ్గా ఆ నిమిషంలో బటన్ నొక్కారు. చిప్పు చదవడం ఆపి, లెక్కను 256 చేసి వచ్చింది. ఇప్పుడు మిగిలిన పై బైటు చదివింది: 1. పాత సగం, కొత్త సగం కలిస్తే 256కు 255 కలిపినట్టు, 511.

సి భాషలో ఆ వరస చూస్తే అది ఒక్క చిన్న వాక్యమే. దాన్ని మధ్యలో విరగ్గొట్టవచ్చన్న ఆలోచనే రాదు. అది రెండు ముక్కలని తెలియాలంటే చిప్పు వెడల్పు ఎంతో తెలియాలి, కంపైలర్ దాన్ని ఏ సూచనలుగా మార్చిందో చూడాలి. పరిష్కారం సులువు: చదివే ఆ రెండు అడుగుల పాటు ఇంటరప్ట్‌లను ఆపి ఉంచాలి. కష్టమంతా తప్పును కనిపెట్టడంలోనే ఉంది, ఎందుకంటే అది పరీక్ష పెట్టినప్పుడు రాదు.

పంక్తి గీసింది ఎవరు?

హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ అనే విభజన ప్రకృతిలో లేదు. 1940లలో తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు కట్టినవారికి ఆ రెండూ ఒకే పని. ఎనియాక్ యంత్రానికి కొత్త లెక్క చెప్పడమంటే తీగలు పీకి మళ్ళీ గుచ్చడమే. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటను ఈ అర్థంలో గణాంక శాస్త్రవేత్త జాన్ టుకీ 1958లో ఒక వ్యాసంలో వాడారు. 'సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్' అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది 1968లో జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన నాటో సమావేశంతో.

ఆ గీతను ఎక్కడ గీయాలన్నది ఇంజినీర్ల చేతిలో ఉన్న నిర్ణయమని చూపిన గొప్ప ఉదాహరణ 1969లో మొదలైంది. జపాన్‌కు చెందిన బిసికామ్ సంస్థ తన క్యాలిక్యులేటర్ కోసం దాదాపు డజను ప్రత్యేక చిప్పులు చేసిపెట్టమని, అప్పటికి చిన్న సంస్థ అయిన ఇంటెల్‌ను అడిగింది. ఒక్కో చిప్పుకు ఒక్కో పని. అన్ని చిప్పులు రూపొందించే మనుషులు ఇంటెల్ దగ్గర లేరు. టెడ్ హాఫ్ అనే ఇంజినీరు వేరే దారి చెప్పాడు. చిన్న చిన్న సాధారణ పనులు మాత్రమే చేసే ఒక్క చిప్పు చేద్దాం, క్యాలిక్యులేటర్ తెలివంతా జ్ఞాపకంలో దాచిన ప్రోగ్రామ్‌లో పెడదాం అన్నాడు. స్టాన్లీ మేజర్, బిసికామ్ తరఫున వచ్చిన మసతోషి షిమా, చిప్పును వాస్తవంగా గీసి నిలబెట్టిన ఫెడెరికో ఫాజిన్ కలిసి దాన్ని పూర్తి చేశారు. 1971 నవంబరులో మార్కెట్‌లోకి వచ్చిన ఆ చిప్పే ఇంటెల్ 4004. అందులో ఉన్నవి సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు.

మొదటి వాణిజ్య మైక్రోప్రాసెసర్‌గా దాన్ని అందరూ గుర్తుపెట్టుకుంటారు. అంతకన్నా ఆసక్తికరం ఏమిటంటే, సమస్య చిప్పు తయారీలో ఉంటే జవాబు ప్రోగ్రామింగ్‌లో దొరికింది. చిప్పులు మాత్రమే తెలిసినవారు ఆ డజను చిప్పుల్నే ఇంకాస్త బాగా గీసేవారు.

ఏం చదువుతారు, ఏం వదులుకుంటారు

ఈ రెండూ కలిసిన డిగ్రీలో మొదటి ఏడాది ఏ ఇంజినీరింగ్‌కైనా ఉండే గణితం, భౌతికశాస్త్రం, ప్రోగ్రామింగ్ పునాదులే. రెండో ఏడాది నుంచి రెండు పాయలూ పక్కపక్కనే ప్రవహిస్తాయి. ఒకవైపు సర్క్యూట్లు, సంకేతాలు, డిజిటల్ లాజిక్. ఇంకోవైపు డేటా స్ట్రక్చర్లు, ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్, బృందంగా సాఫ్ట్‌వేర్ రాసి పరీక్షించే పద్ధతులు. కంప్యూటర్ ఆర్కిటెక్చర్, ఆపరేటింగ్ సిస్టమ్స్, ఎంబెడెడ్ సిస్టమ్స్ అనే మూడు సబ్జెక్టుల దగ్గర ఆ రెండు పాయలూ కలుస్తాయి.

సిలబస్ కాగితం మీద కనిపించనిది ఒకటుంది. ఈ రెండు రంగాలూ మనిషికి రెండు విరుద్ధమైన అలవాట్లు నేర్పుతాయి. ఎలక్ట్రానిక్స్ విద్యార్థి మొదటి రోజే రెసిస్టర్ మీద బంగారు రంగు గీత చూసి, దాని విలువ అయిదు శాతం అటూ ఇటూ ఉండొచ్చని తెలుసుకుంటాడు. ప్రపంచంలో ఏదీ కచ్చితం కాదు, ఎంత వరకు తేడాను భరించగలమన్నదే లెక్క. సాఫ్ట్‌వేర్ విద్యార్థికి అంతా కచ్చితమే. ఒక్క అక్షరం తేడా వస్తే ప్రోగ్రామ్ నడవదు, నడిస్తే ప్రతిసారీ ఒకేలా నడుస్తుంది. రెండూ చదివేవారు ఉదయం ఒక తరగతిలో సుమారుగా ఆలోచించి, మధ్యాహ్నం ఇంకో తరగతిలో కచ్చితంగా ఆలోచించాలి. మొదటి ఏడాది ఇది చికాకుగానే ఉంటుంది.

ఆ చికాకు తారస్థాయికి చేరేది వెరిలాగ్ నేర్చుకునేటప్పుడు. చిప్పులను వర్ణించే ఈ భాష చూడటానికి అచ్చం సి లాగే ఉంటుంది. కానీ అది ప్రోగ్రామ్ కాదు, సర్క్యూట్‌కు రాతపూర్వకమైన పటం. అందులోని భాగాలు పై నుంచి కిందికి ఒకదాని తర్వాత ఒకటి నడవవు. అన్నీ ఒకేసారి బతికి ఉంటాయి. ఎనిమిదిసార్లు తిరిగే ఫర్ లూప్ రాస్తే ఒకే సర్క్యూట్ ఎనిమిదిసార్లు పనిచేయదు. చిప్పు మీద ఎనిమిది సర్క్యూట్లు పక్కపక్కనే పుడతాయి. ప్రోగ్రామింగ్‌లో బాగా రాటుదేలినవారే ఇక్కడ ఎక్కువ తడబడతారు.

నాలుగేళ్ళలో రెండు డిగ్రీల చదువు పట్టదు. ఏదో ఒకటి వదులుకోవాలి. సాధారణంగా ఎలక్ట్రానిక్స్ వైపు విద్యుదయస్కాంత క్షేత్రాలు, యాంటెన్నాలు, పవర్ ఎలక్ట్రానిక్స్ లోతు తగ్గుతుంది. కంప్యూటర్ వైపు కంపైలర్ల నిర్మాణం, గణన సిద్ధాంతం, డేటాబేస్‌ల లోతు తగ్గుతుంది. రాడార్ యాంటెన్నాలు రూపొందించాలని కలగనేవారికి, అల్గారిదమ్‌ల సిద్ధాంతంలో పరిశోధన చేయాలనుకునేవారికి ఈ దారి సరిపోకపోవచ్చు. ఈ మాట ప్రచార పత్రాల్లో ఉండదు.

మన దేశంలో ఇదే పేరున్న బ్రాంచి దొరకకపోయినా దారి మూసుకుపోలేదు. ఏఐసీటీఈ నమూనా పాఠ్యప్రణాళిక ప్రకారం ఈసీఈ విద్యార్థి సుమారు 18 నుంచి 20 అదనపు క్రెడిట్లు చదివి వేరే విభాగంలో మైనర్ డిగ్రీ పొందవచ్చు, అలాంటి అవకాశం తమ కళాశాలలో ఉంటే. ఐఐటీ మద్రాస్ 2023లో మొదలుపెట్టిన ఎలక్ట్రానిక్ సిస్టమ్స్ బీఎస్ కార్యక్రమంలో సర్క్యూట్లతో పాటు సి, ఎంబెడెడ్ సి ప్రోగ్రామింగ్ కూడా ఉన్నాయి. ఎన్‌పీటెల్ పాఠాలు ఎవరికైనా ఉచితం. బ్రాంచి పేరు కన్నా ముందు చూడాల్సింది సిలబస్. కంప్యూటర్ ఆర్కిటెక్చర్‌కు ప్రయోగశాల ఉందా, ఆపరేటింగ్ సిస్టమ్స్ అందరికీ తప్పనిసరా, చివరి ఏడాది ప్రాజెక్టులో బోర్డు గీయడం, దాని మీద నడిచే కోడ్ రాయడం రెండూ ఒకే విద్యార్థి చేతులమీదుగా జరుగుతాయా? ఈ మూడింటికీ అవునన్న జవాబు వచ్చే ఈసీఈ, పేరులో మాత్రమే రెండూ ఉన్న బ్రాంచి కన్నా మేలు.

మధ్యలో ఎవరూ లేనప్పుడు

ఇదంతా ఉద్యోగాల లెక్క మాత్రమే కాదు. చికిత్స కోసం వెళ్ళిన మనుషులు ఈ సందులో పడి చనిపోయారు.

1980లలో అటామిక్ ఎనర్జీ ఆఫ్ కెనడా లిమిటెడ్ 'థెరాక్-25' అనే రేడియేషన్ చికిత్స యంత్రాన్ని తయారు చేసింది. అది రెండు రకాలుగా పనిచేస్తుంది. ఒక పద్ధతిలో బలహీనమైన ఎలక్ట్రాన్ పుంజాన్ని నేరుగా రోగి మీదికి పంపుతుంది. రెండో పద్ధతిలో దాదాపు వంద రెట్లు బలమైన పుంజాన్ని ఒక లోహపు లక్ష్యానికి తాకించి ఎక్స్‌రేలు పుట్టిస్తుంది. బలమైన పుంజం ఉండి, అడ్డుగా లక్ష్యం లేకపోతే? అలా జరగకుండా అంతకుముందు వచ్చిన థెరాక్-20 నమూనాలో విడిగా విద్యుత్ ఇంటర్‌లాక్‌లు ఉండేవి; అమరిక తప్పితే అవి యంత్రాన్ని ఆపేసేవి. థెరాక్-25లో ఆ కాపలా పనిని ఎక్కువగా సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు.

1985 జూన్ నుంచి 1987 జనవరి వరకు అమెరికా, కెనడాల్లో ఆరుగురు రోగులకు మితిమీరిన రేడియేషన్ తగిలింది. కొందరు ఆ గాయాలతో మరణించారు. తర్వాత నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ చేసిన పరిశోధన ఈ ప్రమాదాల లోపలి కథను బయటపెట్టింది. ఒక లోపం ఇది: ఆపరేటరు పొరపాటున ఎక్స్‌రే అని కొట్టి, వెంటనే ఎలక్ట్రాన్ అని దిద్దుతుంది. అయస్కాంతాలు సర్దుకోవడానికి 8 సెకన్లు పడుతుంది. ఆ 8 సెకన్లలోపు దిద్దుబాటు పూర్తయితే తెర మీద మాత్రమే మారుతుంది, యంత్రం లోపల సగం పాతది, సగం కొత్తది. కొత్తగా చేరిన ఆపరేటర్ల దగ్గర ఈ తప్పు రాలేదు. చేయి తిరిగి, వేగంగా టైపు చేయగలిగినవారి దగ్గరే వచ్చింది. 511 చూపించిన బటన్ లెక్కకూ దీనికీ మూలం ఒకటే.

రెండో లోపం ఇంకా చిన్నది. అమరికను సరిచూడాలా వద్దా అని చెప్పే ఒక గుర్తును 8 బిట్ల స్థానంలో దాచారు. సున్నా కాకపోతే సరిచూడాలి. దానికి ఒక స్థిరమైన విలువ ఇవ్వకుండా, ప్రతి చుట్టుకూ ఒకటి కలుపుతూ పోయారు. 8 బిట్లలో 255 తర్వాత మళ్ళీ 0 వస్తుంది. అంటే ప్రతి 256వ చుట్టులో ఒక్క క్షణం పాటు 'సరిచూడనక్కర్లేదు' అని అర్థం. సరిగ్గా ఆ క్షణంలో ఆపరేటరు మీట నొక్కింది.

థెరాక్-20లోనూ ఆ సాఫ్ట్‌వేర్ లోపాల్లో ఒకటి ఉందని తర్వాత తెలిసింది. అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. అప్పుడప్పుడు ఫ్యూజు ఎగిరేది, అంతే. ఫ్యూజు ఎందుకు ఎగురుతోందని గట్టిగా అడిగి ఉంటే, ఆ తర్వాతి యంత్రంలో ఇంటర్‌లాక్‌లు మిగిలి ఉండేవేమో.

పదో వంతు సెకను

రెండో ఉదాహరణను ఎవరైనా కాగితం మీద లెక్కవేసి చూసుకోవచ్చు. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో ఒక ఇరాకీ స్కడ్ క్షిపణి అమెరికా సైనికుల శిబిరం మీద పడి 28 మంది చనిపోయారు. దాన్ని అడ్డుకోవాల్సిన పేట్రియాట్ వ్యవస్థ స్పందించలేదు.

ఆ వ్యవస్థ కాలాన్ని పదో వంతు సెకన్లలో లెక్కపెట్టేది. దాన్ని సెకన్లుగా మార్చడానికి 0.1తో గుణించాలి. దశాంశ పద్ధతిలో మూడో వంతును రాస్తే 0.333 అంటూ ముగింపు లేకుండా సాగినట్టే, ద్విసంఖ్యా పద్ధతిలో పదో వంతు కూడా ఎప్పటికీ ముగియదు. ఆ కంప్యూటర్ రిజిస్టర్‌లో 24 బిట్లే పడతాయి, మిగిలిన తోకను కత్తిరించారు. అలా పోయింది సుమారు 0.000000095. అది ఎవరినైనా కలవరపెట్టే సంఖ్య కాదు.

ధహ్రాన్‌లోని బ్యాటరీ అప్పటికి దాదాపు 100 గంటలుగా ఆపకుండా నడుస్తోంది. 100 గంటల్లో 36 లక్షల పదో వంతులు. ఆ 36 లక్షలను 0.000000095తో గుణిస్తే సుమారు 0.34 సెకను. స్కడ్ వేగం సెకనుకు దాదాపు 1,676 మీటర్లు. అంటే మూడో వంతు సెకనులో అర కిలోమీటరుకు పైగా. రాడార్ మొదటిసారి క్షిపణిని చూసి, తర్వాత ఎక్కడ ఉండాలో లెక్కగట్టి, ఆ చోట వెతికింది. అక్కడ ఏమీ కనిపించలేదు.

ఆ యంత్రం కొన్ని గంటలకు మించి ఒకేచోట నడవదన్న అంచనాతో రూపొందింది. అలా వాడితే ఈ తేడా ఎన్నడూ బయటపడేది కాదు. లోపం సంగతి ముందే తెలుసు కూడా; చాలాసేపు నడిపితే గురి తప్పవచ్చని ఫిబ్రవరి 21న సైన్యం సందేశం పంపింది. చాలాసేపు అంటే ఎన్ని గంటలో అందులో లేదు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ ధహ్రాన్‌కు చేరింది ఫిబ్రవరి 26న. అప్పటిదాకా చేయాల్సిందల్లా కొన్ని గంటలకోసారి యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టడమే. ఆ మాటకు కారణం అర్థం కావాలంటే, అది వినేవారికి రిజిస్టర్ అంటే ఏమిటో, గడియారం అంటే ఏమిటో రెండూ తెలిసి ఉండాలి.

చిప్పుతో పాటు భాష కూడా

భారత్‌లో ఈ రెండు రంగాలూ కలిసిన పని ఈనాటిది కాదు. హైదరాబాద్‌లో 1967లో అణుశక్తి విభాగం కింద ఏర్పడిన ఈసీఐఎల్ స్వదేశీ కంప్యూటర్లు తయారు చేసింది. దేశం ఓటు వేసే ఎలక్ట్రానిక్ యంత్రాలను తయారు చేస్తున్నది అదీ, భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థా.

ఇటీవలి ఉదాహరణ ఇస్రోది. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం, మొహాలీలోని సెమీకండక్టర్ లేబొరేటరీ కలిసి 'విక్రమ్ 3201' అనే 32 బిట్ల ప్రాసెసర్‌ను రూపొందించాయి. 2009 నుంచి ఇస్రో వాహకనౌకల్లో పనిచేస్తున్న 16 బిట్ల విక్రమ్ 1601కు ఇది తర్వాతి రూపం. తయారీ సాంకేతికత 180 నానోమీటర్లది. మొబైల్ ఫోన్ల చిప్పులతో పోలిస్తే అది చాలా పాతది. కానీ రాకెట్‌కు కావాల్సింది సన్నదనం కాదు. వేడికీ కంపనాలకూ తట్టుకుని, ప్రతిసారీ ఒకేలా పనిచేయడం.

చిప్పు పూర్తి కాగానే పని పూర్తి కాలేదు. విక్రమ్‌కు తనదైన సూచనల భాష ఉంది. ఆ భాషలోకి అనువదించే కంపైలర్ బజారులో దొరకదు. కాబట్టి ఏడా భాషకు కంపైలర్‌ను, అసెంబ్లర్‌ను, లింకర్‌ను, సిమ్యులేటర్‌ను ఇస్రోనే సొంతంగా రాసుకుంది. ఐఐటీ మద్రాస్‌లో శక్తి ప్రాసెసర్లు రూపొందించిన బృందం వేరే దారి ఎంచుకుంది. బర్క్‌లీలో 2010లో పుట్టి, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోగల రిస్క్-ఫైవ్ సూచనల సమితిని తీసుకుంది. దానివల్ల ప్రపంచమంతా రాసిన కంపైలర్లు, లైనక్స్ వారికి అక్కరకొచ్చాయి. సీడాక్ రూపొందించిన వేగా ప్రాసెసర్లదీ అదే దారి. చిప్పు గీయడానికి ముందే, దాని మీద ఎవరు ఏ భాషలో రాస్తారన్న ప్రశ్నకు జవాబు ఉండాలి. ఆ బల్ల దగ్గర కూర్చునేవారిలో కొందరికైనా రెండు వైపులూ తెలిసి ఉండటం వల్లే అలాంటి నిర్ణయాలు సాధ్యమవుతాయి.

ఇంట్లోనే ఒక ప్రయోగం

ఇంటర్మీడియట్ విద్యార్థి కూడా ఈ చదువు తనకు నచ్చుతుందో లేదో సీటు తీసుకోకముందే పరీక్షించుకోవచ్చు. నోమ్ నిసాన్, షిమోన్ షోకెన్ రూపొందించిన 'నాండ్ టు టెట్రిస్' అనే ఉచిత కోర్సులో ఒకే ఒక లాజిక్ గేటు నుంచి మొదలుపెట్టి, దానితో చిన్న కంప్యూటర్‌ను, ఆ కంప్యూటర్‌కు కంపైలర్‌ను కూడా సిమ్యులేటర్‌లో కట్టిస్తారు. చేతితో పట్టుకుని చూడాలనుకునేవారికి కొన్ని వందల రూపాయల మైక్రోకంట్రోలర్ బోర్డు, ఒక బటన్ చాలు.

బౌన్స్‌కు ఏ అడ్డూ పెట్టకుండా లెక్కపెట్టే ప్రోగ్రామ్ రాసి, బటన్‌ను కచ్చితంగా 100 సార్లు నొక్కి, తెర మీద ఎంత వచ్చిందో రాసుకోవాలి. తర్వాత ప్రోగ్రామ్‌లో 1 మిల్లీసెకను ఆగేలా మార్చి మళ్ళీ 100 సార్లు. అలాగే 5, 20, 50, 200 మిల్లీసెకన్లకు. ఒక వైపు లెక్క 100 దాటి పోతుంటుంది. ఇంకో వైపు, వేగంగా నొక్కితే, నిజమైన నొక్కులు కూడా మాయమై 100 కన్నా తగ్గుతుంది. గ్రాఫు గీస్తే ఆ రెంటి నడుమ ఒక చదునైన భాగం కనిపిస్తుంది. ఇంట్లో పాత కాలింగ్ బెల్ స్విచ్ పడి ఉంటే, దాన్ని గోడ కరెంటుకు కాకుండా బోర్డుకు మాత్రమే కలిపి ఇదే ప్రయోగం మళ్ళీ చేయాలి. అరిగిపోయిన లోహం గీసే గ్రాఫు, కొత్త బటన్ గీసినట్టు ఉండదు.